రెక్క

పటాన్‌చెరు,
2 మార్చి 2024.

హత్నూర మండలంల అందరికంటే గట్టిగ పాటలు పాడేదీ, అందరికంటే తక్కువ వినేదీ అయిన సోమమ్మ నాయనమ్మకు, ఆమె ఒక్కగానొక్క మనుమడు, రుద్రారం కాలేజీల కెమిస్ట్రీ చదువుతున్నట్టు లోకాన్ని నమ్మిస్తున్న జైపాల్ వందనాలు చేసి రాయునది.

ముందుగాల అసలు ముచ్చట: బాపు బతికిండు. ఈ మాట రెండుసార్లు చదువుకొని, మంచినీళ్ళు తాగి, అప్పుడు కిందికి రా.

ఫోన్‌ల చెప్తే నువ్వు "ఆఁ? ఏందీ? నూనె పంపాల్నా?" అంటవు. పక్కింటోళ్ళతోని చెప్పిస్తే ఒకటికి మూడు కలుపుతరు. అందుకే రాస్తున్న. మన కౌసల్యక్క ఈ దవఖానల ఊడ్చే పనికి రోజు వస్తది గదా, ఆమె టిఫిన్ సంచిల ఈ ఉత్తరం నీకు ముడుతది. జవాబు కూడ అదే సంచిల పంపు. నీ అద్దాల మీద గౌరవంతోని అక్షరాలు పెద్దగ రాస్తున్న, కాయితాలు ఎక్కువైతే తిట్టకు.

మొన్న గురువారం ఫిబ్రవరి ఇరవై తొమ్మిది. నాలుగేండ్లకొక్కసారి వచ్చే తారీఖు. డ్యూటీ ఎగ్గొట్టనీకి ఇంతకంటే మంచి సాకు మనిషికి దొరకదు. అయినా బాపు డ్యూటీకి పోయిండు. పగటీలి మూడు గంటలకు కాజీపల్లిల వాళ్ళ కంపెనీ రియాక్టరు పేలింది. రియాక్టరంటే మందు ఉడికే పెద్ద గుండిగ అనుకో. షెడ్డంత మంటలు. బాపు రెండు కాళ్ళు, ఎడమ చెయ్యి కాలినయ్. పొగ మింగిండు. డాక్టరు వచ్చి "ముప్పై శాతం" అన్నడు. ముప్పై అనంగనే నాకు ఫెయిలైన పేపర్లు యాదికొచ్చినయ్. ఈడ తక్కువొస్తేనే పాసంట.

నిన్న పొద్దున కండ్లు తెరిచిండు. గొంతు గీసుకపోయింది, చెవి పెట్టి విన్న. అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్న: "తెల్లబట్టలాయన వచ్చిండు జైపాలూ. నా రెక్క వట్టి గుంజిండు." గంతే. మళ్ళ మత్తుల పడ్డడు.

నువ్వు మాత్రం రావద్దు. హైవే దాటేటప్పుడు లారీ హారన్ నీకు వినబడది. నీ కేక లారోనికి వినబడ్తది గాని వాడు ఆగడు.

రాత్రింబగళ్ళు స్టూలు మీద ఆసీనుడైన నీ మనుమడు,
జైపాల్

*

హత్నూర,
5 మార్చి.

బిడ్డా జైపాలూ,

దేవునికి స్తోత్రం. నీ ఉత్తరం సదివిన. రెండుసార్లు కాదు, పదిసార్లు సదివిన. మంచినీళ్ళు తాగుడు మర్చిపోయిన.

ఆదివారం చర్చికి తీస్కపోయి అయ్యగారికి ఇచ్చిన. నీకు తెల్వది, పాత అయ్యగారు పోయి కొత్తాయన వచ్చిండు, భీమవరం దిక్కు నుంచి. మంచి సదువుకున్నోడు. ఆయన నీ ఉత్తరం నిలబడి అందరికి సదివిండు. నాకేం వినబడలే. సూస్తుంటే ఒక్కసారే అందరు చేతులు లేపిండ్రు, ఏడ్సిండ్రు. నాగరత్నం అయితే కిందవడ్డది. నేను సదివిన ఉత్తరమే గదా, ఇంత ఏడ్సేదేముందని నేను నిలవడి సూసుకుంట ఉన్న.

ఈ పొద్దు చర్చి ముంగట ఫ్లెక్సీ కట్టిండ్రు. "మంటల నడుమ దేవదూత రెక్క! సహోదరుడు యోహాను నర్సింహులు గారి అద్భుత సాక్ష్యం, మట్టల ఆదివారం నాడు. అందరూ రండి" అని. మీ బాపు రేషన్ కార్డు ఫొటోకే రెండు పక్కల తెల్ల రెక్కలు పెట్టిండ్రు. మీ బాపే దూత లెక్క కనబడ్తున్నడు, మీసాలతోని.

నేను ముందుగాల సదివినప్పుడు చెయ్యి వట్టి గుంజిండనే అనుకున్న. ఫ్లెక్సీ సూసినంక ఇంటికొచ్చి మళ్ళ సదివిన. అవును, రెక్కనే రాసి ఉన్నది. తెల్లబట్టలని గూడ ఉన్నది. సదువుకున్నోనికి తెల్వంది నాకు తెలుస్తదా?

ఇంకో మాట విను. గురువారం మూడు గంటల బస్సు దుమ్ము లేపుకుంట పోవుడు నా కండ్లతోని సూసిన. అప్పుడే ఎందుకో పానం దడదడ అన్నది. పొయ్యి కట్టెలు కింద పడేసి మోకాళ్ళూనిన. "తండ్రీ, నా కొడుకు కాడికి నీ దూతను పంపు" అన్న. సరిగ మూడు గంటలు. ఇది కంపెనీ పేలుడు కాదు బిడ్డా, సైతానుతోని యుద్ధం. మన ఇంటి మీద వాడు పగవట్టి ఎన్నేండ్లాయెనో. ఈసారి ఓడిండు.

నూనె పంపుతున్న. మూడు దినాలు ఉపవాసముండి ప్రార్థనల పెట్టిన నూనె. కాలినకాడ రాయి. వార్డు తలుపుకు గూడ రాయి, సైతాను లోపలికి రాడు.

మీ నాయనమ్మ,
సోమమ్మ

*

పటాన్‌చెరు,
9 మార్చి.

యుద్ధభూమిల సేనాధిపతి అయిన నాయనమ్మకు, స్టూలు మీది సిపాయి సలాము చేసి రాయునది.

నీ నూనె ముట్టింది. కాలినకాడ రాయబోతే నర్సమ్మ నన్ను వార్డు బయటికి తోలింది. "కాలిన దానికి నూనె రాస్తవా, ఏం చదివినవయ్యా నువ్వు?" అన్నది. కెమిస్ట్రీ అని చెప్పలేకపోయిన. బాపు నుదురుకు ఒక చుక్క పెట్టి, మిగిలింది తలుపుకు రాసిన. మూడేండ్ల నుంచి ఆ తలుపు కిర్రుమంటున్నదంట, నూనె వడ్డకాడికెల్లి గప్‌చుప్. వార్డంత ఆశ్చర్యపోయింది. ఇది మొదటి అద్భుతం, పుస్తకంల రాసుకో.

ఫ్లెక్సీ ఫొటో నా ఫోన్‌కు పదిహేనుమంది పంపిండ్రు. నాయనమ్మా, రెక్కంటే ఏందో నీకు నాకు తెల్వదా? చిన్నప్పుడు తానం చేయనీకి నా రెక్క వట్టి గుంజుకపోయిందెవరు? అప్పుడు నాకు ఈకలున్నయా?

ఇగ అసలు సంగతి. రేపు కట్టు విప్పుతమన్నోళ్ళు నిన్ననే విప్పిండ్రు. బాపు ఎడమ రెక్క భుజం నుంచి మోచెయ్యి దాక కాలింది. నడుమ ఒక జాగ మాత్రం కాలలే. చూస్తే చెయ్యి ఆకారం. ఎవరో గట్టిగ పట్టుకున్నరు, ఆ పట్టు కింద చర్మం మిగిలింది. బొటనవేలు, ఇంకో మూడు వేళ్ళు సాఫ్‌గ కనబడ్తున్నయ్. నర్సమ్మ కూడ "ఇట్లాంటిది చూడలే" అన్నది.

మొన్న కంపెనీ సారు ఆపిల్ పండ్లు తెచ్చిండు. మన ఫ్లెక్సీ ఆయన ఫోన్‌లకు కూడ చేరింది. తెగ మురిసిండు. "షెడ్డుల మీ నాన్న ఒక్కడే ఉన్నడు బాబూ. దూత కాక ఇంకెవరు కాపాడ్తరు?" అన్నడు. కంపెనీకి దూతంటే ఇంత పాణమెందుకో నాకు తర్వాత సమజైంది. దూతకు హాజరు పట్టీల పేరు అక్కర్లేదు, హెల్మెట్ అక్కర్లేదు, కాలితే దవఖాన అక్కర్లేదు. ఇంత సులువైన లేబరు ఎక్కడ దొరకాలె?

ఎందుకు సమజైందంటే, సారు పోయినంక ఒకాయన వచ్చిండు. ఒడిశా మనిషి. ఫోన్‌ల ఫొటో పట్టుకొని మంచం మంచం తిరుగుతున్నడు. వాళ్ళన్న పేరు బిరంచి. పని చేయనీకి కాంట్రాక్టరు పంపితే, పేలుడుకు నాలుగు రోజుల ముందే ఈ కంపెనీల చేరిండంట. గేటు పాసు ఇంకెవరి పేరు మీదనో. గురువారం నుంచి రూముకు రాలే. కంపెనీనడిగితే "అసొంటోడు మా దగ్గర లేడు" అన్నరంట. ఈ సర్కారు దవఖానలనే, కింద మార్చురీల, షెడ్డుల దొరికిన శవం ఒకటి ఉన్నది. దాని పెట్టె మీద "గుర్తు తెలియని" అని రాసి ఉన్నది. తమ్ముడు ఇయ్యమంటే, బిరంచి షెడ్డుల ఉన్నట్టు ఎవరన్న చెప్పాలె అంటున్నరు.

ఆ ఫొటో చూసిన నాయనమ్మా. మనిషి తెల్ల డాంగ్రీల ఉన్నడు. మెడ నుంచి మడిమ దాక తెల్లగ. కొత్తోళ్ళకు కంపెనీ ఇచ్చే బట్టలట అవి.

ఫొటో బాపుకు చూపించిన. చూసి, మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు. మూడు రోజులైతున్నది, గోడతోనే ముచ్చట.

ఇరవయ్యో తారీఖు విచారణ ఆఫీసరు వస్తడంట. బాపు సాక్ష్యం చెప్పాలె. జెర ధైర్యం చెప్పి రాయి.

నీ
జైపాల్

*

హత్నూర,
11 మార్చి.

జైపాలూ,

సాక్ష్యం చెప్పాలె అని నువ్వే రాసినవు, నా కడుపు సల్లబడ్డది. నువ్వు ఎన్నడు ఇట్ల మాట్లాడలే. మట్టల ఆదివారం నాటికి బాపు రాకపోతే ఈస్టరుకు సెప్పిస్తడట అయ్యగారు. ఆ ఆఫీసరు సారును గూడ ఆనాడే చర్చికి రమ్మను. వాక్యం వింటడు, అన్నం తింటడు. శాకాహారమైతే ముందుగాల సెప్పు.

రెక్క మీద చెయ్యి గుర్తున్నదని రాసినవు. అయ్యగారికి సూపిస్తే కండ్లనీళ్ళు పెట్టుకున్నడు. దూత ముద్ర అన్నడు.

గాని బిడ్డా, ఉత్తరం కింది భాగం అయ్యగారికి సూపలే. మడిచి పెట్టిన. నువ్వు దూతను పట్టుకొని ఒడిశా లేబరోడు అంటున్నవు. నువ్వు సదివిన సదువు గిట్లనే ఉంటది, అన్నింటికి ఒక సీస, సీసకొక పేరు. ఫొటోల తెల్లబట్టలుంటే అయిపాయెనా? నర్సమ్మకు గూడ తెల్లబట్టలే గదా.

ఒక్క మాట అడుగుత. మీ తాతను పాము కరిచిననాడు నేను మొక్కిన. దూత రాలే. మీ అమ్మకు జరమొచ్చి పదకొండు దినాలు పడుకున్ననాడు నేను తిండి ముట్టలే. నువ్వు నా ఒళ్ళ ఉన్నవు, రెండేండ్లోనివి. దూత రాలే. "నీ సిత్తం తండ్రీ" అనుకుంట నలభై ఏండ్లు ఆ చర్చిల వెనక వరుసల కూసున్న. ఎవరెవరో ముంగటికి పోయి సాక్ష్యం సెప్తుంటే, వినబడకున్నా సప్పట్లు కొట్టిన. ఇన్నేండ్లకు మన ఇంటికి ఒక్కడు వచ్చిండు. ఆ ఒక్కన్ని నా నుంచి గుంజుకోకు.

బాపుకు పచ్చజొన్న గటక పంపుతున్న. నువ్వు తినకు, ఆయనది.

సోమమ్మ

*

పటాన్‌చెరు,
14 మార్చి.

నాయనమ్మా,

ఈసారి బిరుదులేం పెట్టలే. మూడుసార్లు రాసి చింపిన, జోకులు ఎక్కడ పెట్టినా పక్కకు జారుతున్నయ్.

గటక బాపు తిన్నడు. అడుగున గీకింది నేను తిన్న.

ఆఫీసరు వచ్చేది చర్చి సాక్ష్యానికి కాదు. ఆ పేలుడు ఎట్లైంది, లోపల ఎవరెవరున్నరు అని రాసుకోనీకి. సాక్ష్యమన్న మాట ఒక్కటే, నేనే సరిగ రాయలే. తప్పు నాదే.

బిరంచి తమ్ముడు నిన్న మళ్ళ వచ్చిండు. కట్టు మార్చే టైంల వచ్చిండు, నర్సమ్మ పొమ్మనబోయింది. ఆయన పోలే. బాపు రెక్క ఆయన కండ్ల పడ్డది. దగ్గరికొచ్చి ముట్టకుంట, తన వేలుతోని గాలిల ఆ గుర్తును లెక్కవెట్టిండు. ఒకటి, రెండు, మూడు, బొటనవేలు. నాలుగు. చిటికెన వేలు లేదు. "భయ్యా కా హాథ్ హై" అన్నడు, అన్న చెయ్యే అని. సూరత్‌ల మగ్గం మీద పని చేసినప్పుడు బిరంచి కుడి చేతి చిటికెన వేలు తెగిపోయిందంట. పాత ఫొటో చూపించిండు. పెండ్లి ఫొటో, దండ పట్టుకున్న చెయ్యి. నాలుగే వేళ్ళు.

నాయనమ్మా, నేను గుంజుకోవాల్నని గుంజుకుంటలేను. నీకు వచ్చిన ఒక్కని చెయ్యి ఎట్లుంటదో చెప్తున్న.

అప్పుడు బాపు గోడ దిక్కు నుంచి ఇటు తిరిగిండు. పన్నెండు రోజులల్ల ఆయన అన్ని మాటలు మాట్లాడుడు అదే మొదలు. విన్నది విన్నట్టు రాస్తున్న, నా సొంతం ఏం కలపలే.

మంటలంటుకున్నప్పుడు బాపు పైపు కింద ఇరికిండు. బిరంచి తలుపు బయటనే ఉండె. లోపలికి ఉరికొచ్చి రెక్క వట్టి గుంజుకొచ్చి బయట పడేసిండు. "భాగో చాచా" అన్నడు, ఉరుకుమని. బాపు భాగలే. "అందర్ ఔర్ ఏక్ హై" అని అరిచిండు, లోపల ఇంకొకడున్నడని. బిరంచి మళ్ళ లోపలికి పోయిండు. రెండోసారి పేలింది.

లోపల ఎవ్వరు లేరు నాయనమ్మా. బాపు అనుకున్న మనిషి ఆయనతోని పనిచేసే ఓదెలు. అప్పటికే చాయ్ తాగనీకి క్యాంటీన్‌ల ఉన్నడు.

అది చెప్పి బాపు అన్న మాట: "దూత అయితే మంచిగుండు జైపాలూ. దూతకు ఏం కాదు గదా." ఇన్ని రోజులు గోడతోని ఆయన మాట్లాడింది అదే.

ఆఫీసరుకు చెప్తవా అని అడిగిన. "అమ్మ ఊరందరికి దూత అని చెప్పింది. ఫ్లెక్సీ కట్టిండ్రు. ఇప్పుడు నేను కాదంటే అమ్మ అబద్ధాలకోరు అయితది. ఆమె ఒప్పుకుంటెనే చెప్త, లేకుంటే నోరిప్ప" అన్నడు. నేను ఎంత చెప్పినా అదే మాట.

ఇరవై లోపల జవాబు రాయి. బిరంచి తమ్ముడు ఈ దవఖాన మెట్ల మీదనే ఉంటున్నడు. నువ్వు మళ్ళ గటక పంపితే సగం ఆయనకు పెడ్త, తిట్టుకుంటె తిట్టుకో.

జైపాల్

*

హత్నూర,
17 మార్చి, ఆదివారం.

జైపాలూ, ఇది బాపుకు సదివి వినిపియ్యి. మెల్లగ సదువు. నీ ఎక్కిరింతలు నడుమ పెట్టకు.

గురువారం నీ ఉత్తరం వచ్చినకాడికెల్లి నేను దేవునితోని మాట్లాడలే. కోపమొచ్చింది. నా కొడుకును నాకు తెచ్చియ్యనీకి ఇంకో తల్లి కొడుకును పంపుడేంది? శనివారం మోకాళ్ళూని అదే అడిగిన. జవాబు రాలే. నాకు చెవులు లేవు గదా, రాలేదో, వినబడలేదో.

ఈ పొద్దు చర్చిల సాక్ష్యాలప్పుడు లేచి ముంగటికి పోయిన. నలభై ఏండ్లల్ల మొదటిసారి. అయ్యగారు నాగరత్నాన్ని పిలిచిండంట, నేను వినబడక పోయిన అనుకున్నరు. నేను తెలిసే పోయిన.

ఇట్ల సెప్పిన: "అయ్యగారూ, మీ దిక్కు రెక్క అంటే పిట్టకుంటది. మా దిక్కు కూలోనికి ఉంటది. నా కొడుకును గుంజింది కూలోని రెక్క. దానికి నాలుగు వేళ్ళున్నయ్. వాని పేరు బిరంచి. ఇప్పుడు వాడు పేరు లేకుంట సర్కారు పెట్టెల ఉన్నడు."

అటెన్క ఇంకోటి సెప్పిన: "నేను దూతను పంపమని అడిగిన. దూత అంటే పంపబడినోడు అని పోయిన ఆదివారం మీరే బోర్డు మీద రాసిండ్రు. వాడు మేఘం దిగి వచ్చిండో, ఒడిశా రైలు దిగి వచ్చిండో నాకు తెల్వది. నేను అడిగిన, వాడు వచ్చిండు. నేను సెప్పింది అబద్ధం కాదు. సగమే సెప్పిన. మిగిలిన సగం ఇది."

ఎవరేమన్నరో నాకు వినబడలే. అది నాకు దేవుడు చేసిన మేలు. కౌసల్య తర్వాత సెప్పింది, ఎవ్వరు దగ్గను గూడ లేదంట.

అయ్యగారు మంచోడే. మొఖం ఎర్రగైంది గాని, నిచ్చెన తెప్పిచ్చి తన చేతులతోనే ఫ్లెక్సీ దించిండు. పారేస్త అంటే నేను తెచ్చుకున్న. మేకల కొట్టం మీద కప్పిన, బొమ్మ లోపలికి పెట్టి. మేకలు పండుకొని రెక్కలు సూస్తున్నయ్.

నర్సింహులూ, బిడ్డా, ఇది నీకు. వాడు లోపలికి మళ్ళ పోయింది నువ్వు పంపినందుకు అనుకుంటున్నవు. నువ్వు ఓదెలు సచ్చిపోతడని ఒర్లినవు, దాంట్ల పాపం లేదు. బరువున్నది. పాపం వేరు, బరువు వేరు. బరువు ఇద్దరం మోద్దాం. ఆఫీసరుకు అంతా సెప్పు, ఒర్లింది గూడ సెప్పు. సోమమ్మ అబద్ధమాడిందని ఊరంటే అననీ. నాకు వినబడదు.

తండ్రి వాన్ని మన కాడికి పంపిండు. మళ్ళ ఇంటికి పంపుడు మన పని.

అమ్మ

*

పటాన్‌చెరు,
24 మార్చి, మట్టల ఆదివారం.

నలభై ఏండ్ల మౌనం తర్వాత ఒక్క ఆదివారంల భీమవరాన్ని జయించిన సోమమ్మ నాయనమ్మకు, జైపాల్ టోపీ లేకున్నా టోపీ తీసి రాయునది.

నీ ఉత్తరం చదివి వినిపించిన. ఎక్కిరింతలు పెట్టలే. బాపు మళ్ళొకసారి చదువుమన్నడు. "పాపం వేరు, బరువు వేరు" కాడ ఆగమన్నడు. ఆగిన.

ఇరవై నాడు ఆఫీసరు వచ్చిండు. కంపెనీ సారు కూడ ఆపిల్ పండ్లతోని వచ్చిండు, ఆఫీసరు ఆయనను బయట కూసోమన్నడు. బాపు గంటన్నర చెప్పిండు, ఒర్లింది కూడ. "మళ్ళ లోపలికి ఎందుకు పోయిండు?" అని అడిగితే, "నేను చెప్పిన సార్, నా మాట నమ్మి పోయిండు" అన్నడు. చొక్క జరిపి రెక్క చూపించిండు. ఆఫీసరు కలం పక్కకు పెట్టి ఫొటో తీసుకున్నడు. రాసుకున్న కాయితం చదివి వినిపిస్తే, అందుల "విరంచి" అని ఉన్నది. బాపు దిద్దించిండు. వారం రోజులు గోడతోని తప్ప మాట్లాడని మనిషి, ఒక్క అక్షరం కోసం ఆఫీసరుతోని కొట్లాడిండు: "బ సార్, బ. బిరంచి."

ఓదెలు కూడ వచ్చి సంతకం పెట్టిండు. చాయ్ మానేసిండంట.

నిన్న పెట్టె మీద పేరు రాసి ఇచ్చిండ్రు. బాపు వీల్‌చైర్‌ల కిందికి దిగిండు, డాక్టరు వద్దంటున్నా. కౌసల్యక్క చీపురు పక్కకు పెట్టి వచ్చి నిలబడ్డది. మన అయ్యగారు కూడ బస్సుల వచ్చిండు, ఎవరు పిలవకున్నా. బండిల పెట్టె ఎక్కించేటప్పుడు ఒక పక్క రెక్క వేసిండు. రెక్క అంటే చెయ్యి, ఆయనకు ఇప్పుడు తెలుసు.

నీ నూనె సీసల అడుగున కొంచెం మిగిలింది. వాళ్ళు మన మతం కాదు గదా, అందుకని తమ్ముణ్ణి అడిగిన, పెట్టె మీద పెట్టాల్నా అని. ఏం నూనె అన్నడు. మా నాయనమ్మ మూడు దినాలు తిండి మాని మొక్కిన నూనె అన్న. "మాఁ కా హై తో లగా దో" అన్నడు. అమ్మదైతే పెట్టు అని. బాపు పెట్టిండు, ఎడమ చేత్తోని. సీస ఖాళీ.

బండిలకెల్లి తమ్ముడు ఫోన్ చేసిండు, ముత్తంగి ఊరు దాటిందాక పెట్టేయలే. బండి సప్పుడు వినుకుంట కూసున్నం.

బాపుకు ఇంకో రెండు వారాలు ఈడనే. నువ్వు ఈస్టరుకు రావచ్చు, అయ్యగారు రెక్క వట్టి హైవే దాటిస్తనన్నడు.

ఇంకొక్క సంగతి. పొద్దటి నుంచి వార్డు తలుపు మళ్ళ కిర్రుమంటున్నది. నూనె పంపు.

నీ
జైపాల్